న్యాయమైన త్రాసు, ప్రేమగల దేవుడు

చదువవలసిన భాగములు: లేవీయకాండము 19:9-18, 33-37, రూతు 2వ అధ్యాయము, యిర్మీయా 22:13-17, లూకా 19:1-10, 1 యోహాను 3:10-18.



దేవుడు ప్రేమగలవాడని మన సంఘములలో చిన్నబిడ్డలు సహితము చెప్పగలరు. ఆదివారపు బడిలో వారు మొదట నేర్చుకొను మాటలలో అది యొకటి. ఆ మాటను పాటలలో పాడుచున్నాము, పెండ్లి శుభలేఖలమీద అచ్చు వేయించుకొనుచున్నాము, ఇంటి గోడలమీద వ్రాయించుకొనుచున్నాము. ఇది మంచిదే. అయితే ఆదివారమున ఆ ప్రేమనుగూర్చి విని సంతోషించినవాడు సోమవారమున కల్లములోను, అంగడిలోను, కూలి ఇచ్చు సమయమునను ఎట్లు నడుచుకొనవలెను? దేవుని ప్రేమకును మన త్రాసునకును ఏమైనను సంబంధము కలదా? ఈ నెల మనము ధ్యానింపవలసిన సంగతి ఇదియే.

1. ప్రేమాజ్ఞ వ్రాయబడిన చోటు

ఎవడైనను తన్ను ప్రేమించుకొనునట్లే పొరుగువానిని ప్రేమింపవలెనను ఆజ్ఞ బైబిలులో ఎక్కడ ఉన్నదని అడిగినయెడల, మనలో అనేకులు సువార్తలలో ఉన్నదని చెప్పుదురు. అది నిజమే. మత్తయి 22వ అధ్యాయములో ప్రభువు దానిని రెండవ గొప్ప ఆజ్ఞగా చూపెను. పౌలు రోమా 13లోను గలతీ 5లోను, యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములోను దానినే ఎత్తి చూపిరి. అయితే వారందరును ఆ మాటను తీసికొనిన చోటు లేవీయకాండము 19:18. మనము త్వరత్వరగా పుటలు త్రిప్పి దాటిపోవు గ్రంథములో ఆ ముత్యము దాగియున్నది.

దాని చుట్టునున్న వచనములను నెమ్మదిగా చదివి చూడుడి. 9, 10 వచనములు పొలపు మూలలనుగూర్చియు పరిగెనుగూర్చియు చెప్పుచున్నవి. 11వ వచనము దొంగతనమునుగూర్చి, 13వ వచనము కూలివాని కూలినిగూర్చి, 14వ వచనము చెవిటివానిని గ్రుడ్డివానిని గూర్చి, 15వ వచనము పంచాయితీలో పక్షపాతమునుగూర్చి, 16వ వచనము కొండెములనుగూర్చి చెప్పుచున్నవి. అటుతరువాతనే ప్రేమాజ్ఞ వచ్చుచున్నది. అధ్యాయము చివరకు వచ్చినప్పుడు పరదేశినిగూర్చియు, త్రాసులు గుండ్లు తూములనుగూర్చియు చదువుదుము.

ప్రేమాజ్ఞ ఆకాశమునుండి వ్రేలాడు దీపమువలె ఒంటరిగా లేదు. అది పొలము గట్టుమీద, అంగడి అరుగుమీద, రచ్చబండ దగ్గర నిలిచియున్నది. ప్రేమ యనగా ఏమని అడుగువానికి మోషే ధర్మశాస్త్రము చూపునది వీనినే.

మరియొక సంగతి గమనింపుడి. ఈ యొక్క అధ్యాయములో, రెండవ వచనమును విడిచి లెక్కించినను, తాను యెహోవానని దేవుడు పదిహేను మారులు చెప్పుచున్నాడు. పరిగెనుగూర్చి చెప్పిన వెంటనే ఆ మాట. గ్రుడ్డివాని త్రోవలో అడ్డము వేయవద్దని చెప్పిన వెంటనే ఆ మాట. త్రాసునుగూర్చి చెప్పిన వెంటనే మరల ఆ మాట. యజమానుడు తన దస్తావేజు ప్రతి పుటమీదను చేవ్రాలు చేసినట్లు, దేవుడు ఈ చిన్న చిన్న సంగతులన్నిటిమీదను తన నామమును వ్రాసియున్నాడు. మనుష్యుడు చిన్నదని తలంచుదానిని ఆయన తన సొంత సంగతిగా ఎంచుచున్నాడు.

2. పొలపు మూలయు పరిగెయు

కోత కోయువాడు మూలలను పూర్తిగా కోయకూడదు. రాలిన వెన్నులను మరల ఏరుకొనకూడదు. అవి బీదలకును పరదేశులకును విడువబడవలెను. ఇది భిక్షము కాదు. భిక్షము పెట్టువాని చేయి పైన ఉండును, తీసికొనువాని చేయి క్రింద ఉండును. ఇక్కడనైతే బీదవాడు తానే పొలములోనికి వచ్చి, తన వెన్ను వంచి, తన చేతులతో ఏరుకొని, తలయెత్తుకొని ఇంటికి పోవును. అతని మానము కాపాడబడుచున్నది. దేవుని ప్రేమ బీదవాని కడుపునే గాక అతని ముఖమును కూడ చూచునని దీనివలన తెలిసికొందుము.

ఈ ధర్మము కాగితముమీద మాత్రమే ఉండెనా? రూతు గ్రంథము చదువుడి. మోయాబు దేశపు విధవరాలొకతె, చేతిలో ఏమియు లేనిది, బేత్లెహేము పొలములోనికి వచ్చినది. ఆమె పరదేశి, బీదరాలు, విధవరాలు. ధర్మశాస్త్రము చెప్పిన మూడు గుర్తులును ఆమెయందే కలిసియున్నవి. బోయజు ఆమెను పరిగె ఏరుకొననిచ్చినయెడల ధర్మము నెరవేరియుండును. అయితే అతడు అంతటితో ఆగలేదు. పనలనుండి కొన్ని పిడికెళ్లు ఆమెకొరకు కావలెననియే జారవిడువుడని తన పనివారితో చెప్పెను. ఆమెను ఎవడును అవమానపరచకూడదని ఆజ్ఞాపించెను. భోజనవేళ తన పనివారితోకూడ కూర్చుండబెట్టెను. సాయంకాలమున ఆమె దుళ్లగొట్టిన యవలు సుమారు ఒక ఏఫా అయ్యెను. ఏఫా యనగా నేటి లెక్కలో ఇంచుమించు 22 లీటర్ల కొలత. ఒక దినపు పరిగెకు అది గొప్ప రాశి.

ఈ బోయజు వంశములోనే దావీదు పుట్టెను. దావీదు వంశములో మన ప్రభువు పుట్టెను. ఇక్కడ మనము నేర్చుకొనవలసిన సూత్రమిది: ప్రేమ న్యాయముకంటె ఎక్కువ ఇచ్చును గాని, ఎన్నడును న్యాయముకంటె తక్కువ ఇయ్యదు. ఈ పాఠమంతటిలో దీనిని మనస్సున ఉంచుకొనుడి.

నేడు మన డెల్టా గ్రామములలో కోతయంత్రము వచ్చి గంటలో ఎకరము ముగించి పోవుచున్నది. పరిగె ఏరువారు అరుదైపోయిరి. అట్లయిన ఈ వచనముల పని తీరినదా? తీరలేదు. మనకు చేరిన రాబడిలో మన నోటికి చేరకూడని మూల యొకటి ఉన్నదని దేవుడు చెప్పుచున్నాడు. కౌలు రైతు పంట పోయిన యేట అణా పైసలతో కౌలు వసూలు చేయువాడు మూలను సహితము కోసికొనినవాడే. చిన్న కూరగాయల గంపతో వచ్చిన ముసలిదానితో రెండు రూపాయలకు గీచి గీచి బేరమాడి, పెద్ద దుకాణములో అడిగినంత ఇచ్చి వచ్చువాడును అట్టివాడే. నీ మూల ఏదియో నీవే కనిపెట్టవలెను. అది నీ సమయము కావచ్చును, నీ బోరుబావి నీళ్లు కావచ్చును, చదువు రాని పొరుగువాని అర్జీ వ్రాసిపెట్టు నీ కలము కావచ్చును.

3. కూలివాని కూలి

కూలివాని కూలి మరునాటి ఉదయమువరకు నీయొద్ద ఉండకూడదని లేవీయకాండము చెప్పుచుండగా, ద్వితీయోపదేశకాండము 24:14, 15 దానికి కారణమును కూడ చెప్పుచున్నది. అతడు బీదవాడు, ఆ కూలిమీదనే తన ప్రాణము పెట్టుకొనియున్నాడు, అతడు దేవునికి మొఱ్ఱపెట్టినయెడల ఇచ్చువానికి పాపమగును. నీకు అది జమాఖర్చు పుస్తకములో ఒక పంక్తి. అతనికైతే అది ఆ రాత్రి పొయ్యిమీది కుండ.

నాట్లు వేసి మోకాలి లోతు బురదలోనుండి వచ్చిన యొక తల్లిని తలంచుకొనుడి. ఇంటిదగ్గర బిడ్డకు జ్వరము. కూలి చేతికి వచ్చినయెడల మందు బిళ్ల కొని ఇంటికి పోవలెనని ఆమె ఆలోచన. అరుగుమీద కూర్చున్నవారు, "చిల్లర లేదమ్మా, రేపు రా" అనుచున్నారు. "అట్లేనండి" అని ఆమె తల వంచుకొని పోవుచున్నది. ఆ మాటలో కోపము లేదు, తిట్టు లేదు; వినుటకు మెత్తగానే ఉన్నది. అయినను సామెతలు 3:27, 28 వచనములు ఖండించుచున్నది ఆ మెత్తని మాటనే. చేతిలో ఉంచుకొని రేపు రమ్మనుట కీడని జ్ఞాని చెప్పుచున్నాడు. నేడు చేతిలోని ఫోనుతోనే క్షణములో సొమ్ము పంపగలిగిన దినములలో మనమున్నాము. చిల్లర లేదను సాకు సహితము మనకు మిగులలేదు.

యాకోబు 5:4లో అపొస్తలుడు ఇంకను భయంకరమైన మాట చెప్పుచున్నాడు. పొలము కోసినవారికి ఇయ్యక బిగబట్టిన కూలికే నోరు ఉన్నదట, అది మొఱ్ఱపెట్టుచున్నదట, ఆ కేక సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిని పడినదట. కూలివాడు భయపడి నోరు మూసికొనవచ్చును. అతని డబ్బు మాత్రము నోరు మూసికొనదు.

యిర్మీయా 22వ అధ్యాయమును కూడ ఇక్కడ జోడించి చదువుడి. యూదా రాజైన యెహోయాకీము విశాలమైన మేడ కట్టించెను; దేవదారు పలకలు కూర్పించి, ఎఱ్ఱని రంగు పూయించెను; పని చేసినవారికి జీతము మాత్రము ఇయ్యలేదు. ప్రవక్త అతని తండ్రియైన యోషీయాను జ్ఞాపకము చేయుచున్నాడు. యోషీయా కూడ తిని త్రాగినవాడే, రాజువలె బ్రదికినవాడే. అయితే దీనులకు దరిద్రులకు న్యాయము తీర్చెను. అట్లు చేయుటయే దేవుని తెలిసికొనుట యని 16వ వచనములో దేవుడే సెలవిచ్చుచున్నాడు. ఈ మాట మనలను ఆపి నిలువబెట్టవలెను. దేవుని ఎరుగుదునని చెప్పుట సులువు. వాక్యములు కంఠస్థము చేసి పరీక్షలో బహుమతి పొందుట కూడ సాధ్యమే. దేవుని ఎరుగుటకు ప్రవక్త చూపిన గురుతు మాత్రము దీనుని పక్షమున తీర్చిన న్యాయము.

ఇది యజమానులకు మాత్రమే చెప్పబడినదని కూలి చేయు సహోదరులు తలంచకూడదు. కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో పౌలు యజమానులు న్యాయమైనదియు సరియైనదియు ఇయ్యవలెనని 4:1లో చెప్పుటకు ముందు, పనివారు మనుష్యుల కంటికి కనబడుటకు గాక ప్రభువునకు చేయునట్లు మనఃపూర్వకముగా పని చేయవలెనని 3:22, 23లో చెప్పెను. మేస్త్రి చూచునంతసేపు వేగముగాను, అతడు గట్టు దాటగానే నెమ్మదిగాను కదలు చేతులును త్రాసును వంచుచునే ఉన్నవి.

4. సంచిలోని రెండు గుండ్లు

ఇశ్రాయేలీయులలో పూర్వము నాణెములు లేవు. వెండిని త్రాసులో తూచి ఇచ్చెడివారు. తూనికకు వాడినవి రాతి గుండ్లు. యూదా దేశములో జరిగిన త్రవ్వకములలో గుమ్మటమువంటి ఆకారముగల చిన్న సున్నపురాతి గుండ్లు అనేకము దొరికినవి. వాటినిబట్టి చూడగా మన బైబిలులో తులమని చెప్పబడిన షెకెలు సుమారు 11 గ్రాములు. హెబ్రీ భాషలో గుండునకు వాడిన మాట రాయి అను మాటయే.

మోసగాడు సంచిలో రెండు విధములైన రాళ్లు పెట్టుకొనెడివాడు. కొనునప్పుడు బరువైనది, అమ్మునప్పుడు తేలికయైనది. ద్వితీయోపదేశకాండము 25:13-16 దీనినే నిషేధించుచున్నది. ఆమోసు ప్రవక్త దినములలో వర్తకులు ఏఫాను చిన్నది చేసి, తులమును పెద్దది చేసిరి. అనగా ఇచ్చు ధాన్యము తగ్గెను, పుచ్చుకొను వెండి పెరిగెను. దానితో తృప్తిపడక గోధుమలతో చెత్తను కలిపి అమ్మిరి. వారు అమావాస్య పండుగను, విశ్రాంతిదినమును ఆచరించువారే అని ఆమోసు 8:5 చూపుచున్నది. విశ్రాంతిదినమున అంగడి మూసికొనిరి గాని, అది ఎప్పుడు గడచిపోవునా అని వారి మనస్సు అంగడిలోనే కూర్చుండెను. ఆరాధనలో కూర్చుండి అంగడి లెక్కలు వేయు అలవాటు మన కాలములో పుట్టినది కాదు.

లేవీయకాండము 19:36లో న్యాయమైన త్రాసులు, న్యాయమైన గుండ్లు అని చెప్పుటకు హెబ్రీ భాషలో "సెదెక్" అను మాట నాలుగు మారులు వాడబడినది. త్రాసుకు ఒకసారి, గుండ్లకు ఒకసారి, తూమునకు ఒకసారి, పడికి ఒకసారి. ఇరువది మూడవ కీర్తనలో కాపరి మనలను నడిపించు నీతిమార్గములు అను చోట ఉన్న మాటయు ఇదే. మనము ఎంతో ప్రేమతో పాడుకొను ఆ కీర్తనలోని నీతియు, అంగడివాని తూనికరాతిలోని నీతియు ఒక్కటే. కాపరి నడిపించు ఆ త్రోవ కాటా ప్రక్కనుండియే పోవుచున్నది.

మన దేశములో పూర్వము కుంచము, మానిక, సోల, తవ్వ, తూము, పుట్టి అను కొలతలు ఉండెడివి. అవి ఊరూరికి భేదముగా ఉండెడివి. అడుగు సొట్టవేసిన మానికతో కొలిచి ఇచ్చుట, రాశి పోసి కొలిచి పుచ్చుకొనుట పెద్దలు ఎరిగిన సంగతియే. 1956లో తూనికలు కొలతల ప్రమాణముల చట్టము వచ్చి, 1958 అక్టోబరు నుండి మెట్రిక్ పద్ధతి అంచెలంచెలుగా అమలైనది. ఇప్పుడు చిన్న పచారీ కొట్టులోను అంకెలు వెలుగు కాటా ఉన్నది. దానికి ప్రభుత్వపు ముద్ర ఉన్నది. కాటా మారినది, కాటా దగ్గర నిలుచు హృదయము మారినదా? ధాన్యపు కొనుగోలులో 17 శాతము వరకు తేమ ఉండవచ్చునని ప్రభుత్వపు నిబంధన ఉండగా, ఆ లోపల ఉన్న ధాన్యమునకును తేమ యనియు, తాలు అనియు చెప్పి, బస్తాకు ఇంత తరుగు తీయుట రైతులకు తెలియని సంగతి కాదు. రైతు కూడ ఎండిన ధాన్యము పైన పోసి, పచ్చిది అడుగున ఉంచినయెడల అతని సంచిలోనూ రెండు గుండ్లున్నవి. పాలలో నీరు కలుపుట, మిరపకాయలమీద నీళ్లు చల్లి తూకము పెంచుట, చౌక దుకాణములో బియ్యము తగ్గించి తూచుట, ఇవన్నియు ఆ పాత సంచిలోనివే.

రెండు గుండ్లు అంగడిలో మాత్రమే ఉండవు. మన బిడ్డ తప్పు చేసినప్పుడు చిన్నతనమని తేలిక గుండుతో తూచుదుము. పొరుగువాని బిడ్డ అదే తప్పు చేసినప్పుడు బరువైన గుండు తీయుదుము. కోడలికొక గుండు, కూతురికొక గుండు. పరపతి గలవాని మాటకొకటి, పేదవాని మాటకొకటి. 15వ వచనము తీర్పులో గొప్పవాని ముఖము చూడవద్దనుటయే గాక, బీదవాడని పక్షపాతము చేయవద్దని కూడ చెప్పుచున్నది. దేవుని త్రాసు అంత నిక్కమైనది.

5. ఐగుప్తును జ్ఞాపకము చేసికొనుట

ఇప్పుడు పాఠమునకు హృదయమైన చోటికి వచ్చితిమి. త్రాసులనుగూర్చి ఆజ్ఞాపించి దేవుడు దానికి చూపిన కారణమేమి? రాజు శిక్షించునని చెప్పలేదు. వ్యాపారము చెడునని చెప్పలేదు. ఐగుప్తునుండి మిమ్మును రప్పించినవాడను నేనే యని చెప్పెను. త్రాసునకును ఐగుప్తునకును ఏమి సంబంధము?

నిర్గమకాండము 5వ అధ్యాయము చూడుడి. ఫరో గడ్డి ఇయ్యక, ఇటుకల లెక్క మాత్రము తగ్గింపవద్దనెను. ఇచ్చునది తగ్గించి, పుచ్చుకొనునది తగ్గింపకుండుట, ఇదియే రెండు గుండ్ల సంచి. ఇశ్రాయేలీయులు దొంగ కొలతక్రింద నలిగినవారు. లెక్కకు తక్కువైనప్పుడు దెబ్బలు తిన్నవారు. వారి మొఱ్ఱను దేవుడు వినెను. వారు నీతిమంతులని వినలేదు; వారిని ప్రేమించి వినెను. అట్లు విడిపింపబడినవారు తమ దేశమునకు చేరి, తామే ఫరో గుండ్లు చేత పట్టుకొనినయెడల, తమ విడుదలను తామే మరచినట్లు గదా?

పరదేశినిగూర్చిన 34వ వచనమునకును ఇదే కారణము. పొరుగువానినిగూర్చి చెప్పిన ప్రేమాజ్ఞనే అక్కడ పరదేశికి అన్వయించి, మీరును ఐగుప్తులో పరదేశులై యుంటిరని దేవుడు జ్ఞాపకము చేయుచున్నాడు. ఒడిశానుండి ఇటుక బట్టీలలో పనికి వచ్చు కుటుంబములను మన ప్రాంతములలో చూచుచున్నాము. వారికి మన భాష రాదు. లెక్క అడుగుటకు నోరు లేదు. గల్ఫు దేశములలో జీతము అందక ఏడ్చిన బిడ్డల ఉత్తరములు, ఫోను మాటలు మన సంఘములలో ఎన్ని ఇండ్లవారు ఎరుగరు? ఆ కన్నీరు ఎరిగినవారు పొరుగు రాష్ట్రపు కూలివానిని తక్కువగా తూచవచ్చునా?

ఒక సంఘములో ఈ పాఠము చెప్పినప్పుడు వృద్ధుడైన యొక పెద్ద లేచి, "అయ్యగారూ, మనకు రక్షణ కృపవలన గదండీ. మరల ఈ త్రాసులు, గుండ్లు మా మెడకు కట్టుచున్నారేమి?" అని అడిగెను. అది మంచి ప్రశ్న. ఆయనకు, "పెద్దయ్యా, దేవుడు త్రాసు సరిచేసికొనుమని మొదట చెప్పి, పిమ్మట ఐగుప్తునుండి విడిపించెనా? మొదట విడిపించి, పిమ్మట త్రాసునుగూర్చి చెప్పెనా?" అని నేను ఎదురు ప్రశ్న వేసితిని. ఆయన కొంతసేపు ఆలోచించి, "విడుదలే ముందండీ" అనెను. ప్రియులారా, ఆ క్రమము చెడిపోకూడదు. మన నీతి దేవుని ప్రేమకు మనము చెల్లించు వెల కాదు. ఆ ప్రేమను మరచిపోలేదని చూపు గురుతు.

జక్కయ్యను చూడుడి. అతడు యెరికో పట్టణములో సుంకపు గుత్తదారులలో ముఖ్యుడు. ప్రభువు మేడిచెట్టు క్రింద నిలిచి, నీ లెక్కలు సరిచేసికొని రమ్మని చెప్పలేదు. నేడు నీ యింట నేనుండవలెనని చెప్పెను. ప్రేమ ముందుగా గడప దాటెను. అప్పుడు ఎవరును అడుగకయే జక్కయ్య లెక్కలు బయటికి వచ్చెను. ధర్మశాస్త్రము ప్రకారము (సంఖ్యాకాండము 5:6, 7) తప్పు ఒప్పుకొని తిరిగి ఇచ్చువాడు అసలుమీద అయిదవ వంతు కలిపి ఇచ్చిన చాలును. దొంగిలిన గొఱ్ఱెను చంపినవాడు లేక అమ్మినవాడు (నిర్గమకాండము 22:1) నాలుగంతలు ఇయ్యవలెను. జక్కయ్య తేలికయైన లెక్కను విడిచి, తన్ను తానే దొంగగా తీర్పు తీర్చుకొని నాలుగంతలు అనెను. ఆస్తిలో సగము బీదలకు అనెను. కనికరించబడినవాడు తన్ను తూచుకొనుటకు బరువైన గుండు తీసికొనెను. ఇక్కడనే మన సూత్రము మరల కనబడుచున్నది: ప్రేమ న్యాయముకంటె ఎక్కువ ఇచ్చును, తక్కువ ఇయ్యదు.

మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానుడును అట్టివాడే. అతడు సాయంకాలమున, ధర్మశాస్త్రము చెప్పిన వేళకే, కూలి ఇచ్చెను. చివర వచ్చినవారికి వారు సంపాదించినదానికంటె ఎక్కువ ఇచ్చెను. అయితే మొదట వచ్చినవారికి ఒప్పుకొనిన దేనారములో కాసు తగ్గింపలేదు. ఒకని కూలి తగ్గించి మరియొకనికి దానము చేసి పేరు తెచ్చుకొనువాని దాతృత్వమునకు ఆ తోటలో చోటు లేదు.

సిలువయొద్ద ఈ సంగతి సంపూర్ణముగా కనబడుచున్నది. రోమా 3:25, 26 చెప్పునదేమనగా, దేవుడు తాను నీతిమంతుడై యుండియే విశ్వసించువానిని నీతిమంతునిగా తీర్చుచున్నాడు. ఆయన మనలను ప్రేమించి త్రాసును వంచలేదు; పాపము తేలికయైనదని తప్పు గుండుతో తూచలేదు. తూకము సరిగానే తూచి, తగ్గినదంతయు తన కుమారునియందు తానే భరించెను. ఇంత వెల పెట్టి న్యాయమును గౌరవించిన దేవుని బిడ్డలు, పావు కిలో పప్పుకొరకు, ఒక దినపు కూలికొరకు న్యాయమును అమ్ముకొనుట ఎంత తగనిది!

6. సంఘపు త్రాసు

కడపట ఒక మాట సంఘమునకు. పరిసయ్యులు పుదీన, సోపు, జీలకఱ్ఱలో పదియవ వంతు చెల్లించి, న్యాయమును కనికరమును విశ్వాసమును విడిచిపెట్టిరని ప్రభువు మత్తయి 23:23లో గద్దించెను. దశమభాగము వద్దని ఆయన చెప్పలేదు, రెండును ఉండవలెననెను. పంట పండుగనాడు బలిపీఠము ముందు బస్తాలు పోయుదుము. ఆ బస్తాలో ఎవరి కూలి ఉన్నదో దేవునికి తెలియును. తప్పు తూకపు కానుక ఎంత పెద్దదైనను ఆయన త్రాసులో అది తేలిపోవును.

సంఘపు సొమ్ము లెక్కలయందును ఇదే ధర్మము. యెరూషలేములోని బీదలకొరకు చందా మోసికొనిపోవునప్పుడు పౌలు ఒంటరిగా పోలేదు. సంఘములు ఏర్పరచిన సహోదరుని వెంటబెట్టుకొని పోయెను. ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికిని నిందలేకుండ ఉండవలెనని 2 కొరింథీయులు 8:18-21లో వ్రాసెను. అంతటి అపొస్తలుడు తన్ను నమ్మవలెనని పట్టుపట్టక సాక్షులను పిలుచుకొనగా, పాస్టరుగాని, కోశాధికారిగాని, సంఘపెద్దగాని లెక్క అడిగినందుకు కోపపడవచ్చునా? కానుకల సంచి ఇద్దరి ముగ్గురి యెదుట లెక్కింపబడవలెను; లెక్క గోడమీద అంటింపబడవలెను. అది అనుమానమువలన చేయు పని కాదు. ఒకరినొకరు శోధనలో పడకుండ కాపాడుకొను ప్రేమ.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించుటకు ప్రశ్నలు

(1) ఈ దినమున నా చేతిలో నిలిచిపోయిన ఇతరుల కూలిగాని, అప్పుగాని, వస్తువుగాని ఏదైన కలదా? అది ఎన్నడు తిరిగి ఇయ్యగలను?

(2) నా యింటి రాబడిలో బీదలకు విడిచిన మూల ఏది? అది వారి మానమును కాపాడు రీతిగా ఉన్నదా?

(3) నా వారికి ఒకటి, పరులకు ఒకటిగా రెండు గుండ్లు నేను ఎక్కడ వాడుచున్నాను?

(4) మా ఊరిలో భాష రాని, నోరు లేని కూలివారు ఎవరు? వారి పక్షమున ఈ నెలలో మా కుటుంబము చేయగల మేలు ఏది?

(5) నేను త్రాసు సరిచేసికొనునది దేవుని భయమువలననా, ఆయన నన్ను విడిపించిన కృతజ్ఞతవలననా?

1 యోహాను 3:10 దేవుని పిల్లల గురుతులను చెప్పుచు రెండు సంగతులను ఒక్క వాక్యములోనే కలిపియున్నది: నీతిని జరిగించుట, సహోదరుని ప్రేమించుట. అపొస్తలుడు జతపరచినదానిని మనము వేరుపరచకుందుము గాక. నీతి లేని ప్రేమ మాటలతో ఆగిపోవును. ప్రేమ లేని నీతి రాతిగుండువలె చల్లగా ఉండును. రెండును మన ప్రభువునందు కలిసికొనినవి గనుక ఆయనయందున్న మనలోను కలిసికొనగలవు.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మేము దాసులమై యుండగా మా మొఱ్ఱ విని మమ్మును విడిపించితివి. మా చేతిలోని కొలతను, మా నోటిలోని మాటను, మా హృదయములోని తూకమును సరిచేయుము. మాకొరకు పని చేసినవారు ఈ రాత్రి ఆకలితో పండుకొనకుండునట్లు మా చేతులను తెరువుము. మేము నిన్ను ఎరుగుదుమని చెప్పుమాట మా పొరుగువాని దగ్గర నిజమగునట్లు చేయుము. మమ్మును ప్రేమించి తన్ను తాను అప్పగించుకొనిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.